ఆ పాటలకూ ఊళ్లున్నాయి

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో ఆఫ్రికా సంగీతం మీద రెండు పేజీల వ్యాసం వేశారు. హైలైఫ్ అంటే ఘనా, నైజీరియాల నాట్య సంగీతం. ఆ మాట తెలుగు పేపర్లో చూడటం నా జన్మలో అదే మొదలు. చేతిలో టీ చల్లారిపోయింది, నేను తల ఎత్తలేదు. చదివాక మాత్రం సంతోషం సగమే మిగిలింది. ఘనా, నైజీరియా, బెనిన్, గినీ అన్నిటినీ ‘ఆఫ్రికన్ బీట్’ అనే ఒక్క మాటలో కట్టేశారు. దానికి తోడు విక్టర్ ఉవైఫోను ‘బెనిన్ దేశపు గాయకుడు’ అని రాశారు. ఆయన నైజీరియా మనిషి. ఆయన ఊరు బెనిన్ సిటీ. ఎడో రాజుల పాత రాజధాని అది, ఇప్పటికీ నైజీరియాలోనే ఉంది. బెనిన్ అనే దేశం పక్కన ఉంటుంది, 1975 దాకా దాని పేరు డహోమీ. ఉవైఫో ‘జొరోమి’ పాటకు గోల్డ్ డిస్క్ అందుకున్నది 1966లో. అప్పటికి బెనిన్ పేరుతో దేశమే లేదు. ఒంగోలు పక్కన కొత్తపట్నం గురించి రాసి కింద కృష్ణపట్నం ఫొటో వేస్తే అక్కడివాళ్లు ఊరుకుంటారా?

ఈ సవరణ ఒక్కటే అయితే పోస్టుకార్డు సరిపోయేది. చెప్పాల్సింది ఇంకా ఉంది కాబట్టి ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. వీలున్నంత వేయండి.

నాది కావలి. ముప్పై ఏళ్లు సరుకు ఓడల్లో ఇంజన్ రూమ్ పని చేశాను. వైపర్‌గా, అంటే తుడిచే పనివాడిగా ఎక్కి ఫిట్టర్‌గా దిగాను. అంతకు ముందు మాది బ్యాండ్ మేళం ఇల్లు. మా నాయన క్లారినెట్ వాయించేవాడు. కందుకూరు, సింగరాయకొండ, అల్లూరు, ఎక్కడ పెళ్లయినా ఆ సెట్టుకే పిలుపు. ఆయన క్లారినెట్ అప్పటికే మూడు చేతులు మారిన సరుకు. ఊరేగింపుకు గంట ముందు ఏదో ఒక ప్యాడ్ ఊడేది. పెట్రోమాక్స్ లైటు పక్కన కూర్చుని, లక్క ముక్కను అగ్గిపుల్లతో కరిగించి, ప్యాడ్ అంటించి, బొటనవేలితో అదిమిపట్టి నూరు లెక్కపెట్టేవాడు. ఆ లక్క వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. నాకు ట్రంపెట్ నేర్పించాడు. పదో క్లాసు అయ్యాక, “అబ్బయ్యా, దీంతో కడుపు నిండదు, పోయి ఏదైనా పని నేర్చుకో” అని ఆయనే మద్రాసు బండి ఎక్కించాడు.

1975లో నా రెండో ఓడ సిమెంట్ వేసుకుని లేగోస్ పోయింది. ఆ ఏడాది నైజీరియా ప్రభుత్వం రేవు మోయలేనంత సిమెంట్‌కు ఆర్డర్లు పెట్టేసింది. వందల ఓడలు బయట సముద్రంలోనే లంగరేసి నెలల తరబడి నిలబడ్డాయి. మేం డెబ్బై రోజులకు పైగా అక్కడే ఉన్నాం. చేసేందుకు పని లేదు, దిగేందుకు నేల లేదు. వంటమనిషి దగ్గర ఒక ట్రాన్సిస్టర్ ఉండేది. ఒక సాయంత్రం డెక్ మీద పడుకుని ఉంటే దాంట్లోంచి ట్రంపెట్లు, శాక్సఫోన్ కలిసి ఒక వరస ఎత్తుకున్నాయి. దిగ్గున లేచి కూర్చున్నాను. ట్రంపెట్ ఒక మాట అంటే శాక్సఫోన్ అందుకోవడం, మళ్లీ అందరూ కలవడం, అచ్చం మా బ్యాండ్ సెట్టు పందిట్లో చేసే పనే. డోలు నడక మాత్రం మనది కాదు. అది నైజీరియా ట్రంపెట్ వాద్యగాడు విక్టర్ ఒలయ్యా హైలైఫ్ పాట అని చాలా రోజుల తర్వాత తెలిసింది.

దాని సంగతి నాకు విడమరచి చెప్పింది తర్వాతి ఓడలో నాతో పనిచేసిన గ్రీజర్, అంటే ఇంజన్లకు నూనె పెట్టేవాడు. ఘనాలో టకొరాడి వాడు. మెస్‌లో నన్ను అందరూ మద్రాసీ అనేవాళ్లు, అతన్ని ఆఫ్రికన్ అనేవాళ్లు. ఇద్దరికీ ఆ పిలుపులు గిట్టేవి కావు. స్నేహం అక్కడే కుదిరింది. నన్ను ఒక్కనాడూ ఇండియన్ అనలేదు, “నీది ఏ ఊరు?” అని అడిగి, కావలి పేరు నోరు తిరిగేదాకా పలికి నేర్చుకున్నాడు.

హైలైఫ్‌కు వాళ్ల దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి బ్యాండ్ దారి. ఘనా లోపలి అశాంటి రాజ్యంతో యుద్ధాల కోసం బ్రిటిష్ వాళ్లు 19వ శతాబ్దం చివరి రోజుల్లో వెస్టిండీస్ నుంచి నల్లజాతి సిపాయిలను తెచ్చి కేప్ కోస్ట్, ఎల్మినా కోటల్లో పెట్టారు. ఖాళీ వేళల్లో ఆ సిపాయిలు బ్యాండ్ మీద తమ దీవుల పాటలు వాయించుకునేవాళ్లు. కోట బయట విన్న ఆ తీరపు ఫాంటి జాతి కుర్రాళ్లు ఆ బాకాలను తమ నడకలోకి తెచ్చుకున్నారు. దాన్ని అడహా అన్నారు. బాకాలు కొనే స్తోమత లేని పల్లెలు డోళ్లతో, గొంతులతో అదే బ్యాండ్ కట్టుకుని కొంకొమా అన్నాయి. మన పెళ్లిళ్ల బ్యాండ్ మేళానికి మూలం తెల్లవాళ్ల పటాలం కాదూ? మా నాయన వేసుకున్న ఎర్ర కోటు, భుజాల మీద జరీ కుచ్చులు ఎక్కడివి? గ్రీజర్‌కు మా నాయన ఫొటో చూపిస్తే, వాళ్ల తాత ఫొటోలోనూ అదే కోటు ఉందన్నాడు.

1920ల్లో అక్రా క్లబ్బుల్లో డాన్స్ ఆర్కెస్ట్రాలు వచ్చాయి. లోపలికి పోవాలంటే పెద్ద టికెట్, సూటు, టోపీ. గోడవతల నిలబడి విన్న జనం దానికి హైలైఫ్ అని పేరు పెట్టారు. అంటే గొప్పోళ్ల బతుకు. ఆ వరసలో మేటి ఇ.టి. మెన్సా. ట్రంపెట్ వాయించేవాడు, చదివింది ఫార్మసీ. 1950ల్లో తన టెంపోస్ బ్యాండ్‌తో నైజీరియా అంతా తిరిగి అక్కడ ఈ పాటకు విత్తనం వేశాడు. 1956లో అమెరికా జాజ్ ట్రంపెట్ మేటి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్రా వచ్చినప్పుడు ఆయనతో కలిసి వాయించాడు.

రెండో దారి కల్లు పాకలది. ఇది నాకు ఇంకా దగ్గర, ఎందుకంటే దీన్ని మోసుకుపోయింది ఓడ పనివాళ్లు. లైబీరియా తీరంలోని క్రూ జాతి వాళ్లు ఆవిరి ఓడల్లో కూలికి కుదిరి రేవు రేవుకూ గిటారు తీసుకుపోయారు. వాళ్ల వాయింపు రెండు వేళ్లతోనే. బొటనవేలు లావు తీగల మీద నడక పట్టుకుంటే చూపుడు వేలు సన్న తీగల మీద అల్లుతుంది. టకొరాడిలో ఒక ముసలాయన చేతిని మూరెడు దూరం నుంచి చూశాను. బొటనవేలి గోరు గవ్వలా దళసరిగా ఉంది, మిగిలిన మూడు వేళ్లూ గిటారు బల్ల మీద ఆనించి కదలకుండా పెట్టాడు. కళ్లు మూసుకుంటే ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది. కల్లు తాగుతూ వినే పాట కాబట్టి దాన్ని కల్లు పాటే అంటారు. ఘనాలో కల్లుకు ఎక్కువగా చెట్టు ఎక్కరు, చెట్టునే పడగొట్టి మొద్దులోంచి తీస్తారు. తాటి చెట్టును తల్లిలా చూసుకునే మన గౌడన్నలకు ఇది చెప్తే నమ్మరు. ఈ గిటారుతోనే కుమాసి ట్రియో 1928లో లండన్ వెళ్లి ‘యా అంపోన్సా’ రికార్డు చేసింది. ఆ వరస మీద ఆ తర్వాత ఎన్ని హైలైఫ్ పాటలు కట్టారో లెక్కలేదు. టకొరాడి రేవు తెరిచింది కూడా ఆ 1928లోనే. మా గ్రీజర్‌కు ఈ రెండూ కలిపి చెప్పడం మహా ఇష్టం.

అతని తీరం వాడే గాయకుడు సి.కె. మాన్. ఒసొడె అని ఆ తీరంలో జాలర్ల పాట ఒకటుంది. దాన్ని గిటార్లు, ఆర్గన్ మీదికి ఎక్కించి 1970ల్లో ఫంక్ అనే అమెరికా నల్లవాళ్ల నాట్య సంగీతంతో కలిపాడు. తుమ్మలపెంట ఒడ్డున అలివి వల లాగేటప్పుడు ఒకడు ఎత్తుకుంటే ముప్పై మంది అందుకుంటారు చూడండి, ఆ అందుకోవడమే ఆ పాటకు వెన్నెముక. లోపలి ఊళ్ల గిటారు బ్యాండ్లు అట్లా కాదు, అక్కడ కథ ముఖ్యం. ఆఫ్రికన్ బ్రదర్స్ బ్యాండ్ నానా అంపాడు 1967లో, మిలిటరీ ప్రభుత్వం ఉన్న రోజుల్లో, ఒక పాట కట్టాడు. అడవిలో జంతువులన్నీ సభ పెడతాయి. చిన్న దుప్పి మాట్లాడదామని లేస్తుంది. వెనక కూర్చున్న చిరుత దాని తోక మీద కాలేసి తొక్కి, నోరు మూసుకో అంటుంది. కొందరు బాగానే కూర్చున్నారు, కొందరికి కూర్చునే చోటే లేదు అని దుప్పి గోల పెడుతుంది. ఇంజన్ రూమ్ హోరులో నా చెవి దగ్గర నోరు పెట్టి ఒక్కో చరణం అర్థం చెప్తూ, చిరుత దగ్గరికి వచ్చేసరికి నా బూటు మీద కాలు పెట్టి తొక్కి చూపించాడు. మన బుర్రకథ పిట్టకథలు విన్నవాళ్లకు ఈ ఒడుపు వేరే చెప్పాలా?

నైజీరియాలో హైలైఫ్ రెండుగా చీలిపోవడానికి కారణం యుద్ధం. తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో విడిపోతానంటే 1967 నుంచి 1970 దాకా యుద్ధం జరిగింది. లేగోస్ డాన్స్ బ్యాండ్లలో వాయించే ఇబో వాళ్లు చాలామంది ప్రాణభయంతో తూర్పున తమ ఊళ్లకు వెళ్లిపోయారు. లేగోస్‌లో ఖాళీ అయిన చోటులోకి యోరుబా వాళ్ల జూజూ అనే సంగీతం వచ్చింది. ఎబెనెజర్ ఓబే, సన్నీ అడే దాంట్లో పెద్దవాళ్లు. చంకలో పెట్టి నొక్కుతూ మాటలా పలికించే డోలు దాని ప్రాణం. తూర్పున, యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న నేల మీద, ఓరియెంటల్ బ్రదర్స్ లాంటి గిటారు బ్యాండ్లు లేచాయి. అక్కడ బాకాలు తగ్గాయి, మూడు గిటార్లు జడ అల్లినట్టు ఒకదాని సందులో ఒకటి దూరుతూ పోతాయి. ఇబో గాయకుడు ఒసాడెబే పాట ఒక రికార్డు పక్క మొత్తం తొందర లేకుండా నడుస్తుంది. 1976లో ఒనిట్షా నుంచి వచ్చిన ప్రిన్స్ నికో ఎంబార్గా ‘స్వీట్ మదర్’ అమ్మ మీద పాట. దాంట్లో కాంగో గిటారు తీపి కలిసింది. తర్వాత నేను దిగిన ప్రతి రేవులోనూ అది మోగుతూనే ఉంది. ఇక ఉవైఫో ఇటూ కాదు అటూ కాదు, ఎడో వాడు. బొమ్మలు వేసేవాడు, శిల్పాలు చెక్కేవాడు. ఒక్కో స్వరానికి ఒక్కో రంగు చెప్పి, ఆ లెక్క మీద కట్టిన వరసకు అక్వెటె అనే చేనేత బట్ట పేరు పెట్టాడు. మీ వ్యాసంలో ఇది ఉంటే వెంకటగిరి నేతగాళ్లు కత్తిరించి దాచుకునేవాళ్లు.

ఇప్పుడు అసలు బెనిన్‌కు వస్తాను.

1979లో బియ్యం బస్తాలతో కొటొనూ వెళ్లాం. గ్రీజరూ నేనూ బజార్లో ఒక రికార్డుల అంగట్లో నిలబడ్డాం. కౌంటర్ దగ్గర కుర్రాడు ఆర్కెస్త్ర్ పోలీ-రిత్మో రికార్డు పెట్టాడు. 1968లో మెలోమె క్లెమాన్ పెట్టిన బ్యాండ్ అది. ముందు ఆర్గన్, తర్వాత అమెరికా ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ దగ్గర నేర్చినట్టు గిటారు గీకుడు. నేను “మీ వైపుదేనా?” అని గ్రీజర్‌ను అడిగాను. అతను తల అడ్డంగా ఊపాడు, “మాది కాదు, ఈ డోలు నాకు తెలియదు” అన్నాడు. అప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆ డోలు నాకు తెలుసు.

మా అమ్మమ్మ ఊరు అల్లూరు పక్కన. ఏటా పోలేరమ్మ కొలుపు. సాయంత్రం ఎండుగడ్డి మంట వేసి పలకలు కాచేవాళ్లు. చర్మం బిగిసిందో లేదో వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ కాచేవాళ్లు. పంబ వాళ్లు నడుముకు జంట పంబ కట్టుకుని గుడి ముందు నిలబడేవాళ్లు. మొదట నెమ్మదిగా, మూడేసి దెబ్బల నడక. అమ్మను పిలిచే పాట సాగుతుండగా నడక ఎక్కడ మారిందో తెలియదు, అదే మూడు దెబ్బల మీద ఇంకో రెండు దెబ్బల నడక ఎక్కి కూర్చుంటుంది. ఆ రెంటి మధ్యలో కాళ్లు నిలవవు. మా అమ్మమ్మకు పూనకం వచ్చేది అక్కడే. తల విరబోసుకుని, చేతిలో వేపమండతో, అంత ముసలావిడ నేల అదిరేలా ఎగిరేది.

కొటొనూ అంగట్లో నేను విన్నది ఆ నడకే. ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చిన ఆ కుర్రాణ్ని ఇదేమిటని అడిగితే “సక్పట” అన్నాడు. నాకు అర్థం కాలేదు. చెయ్యి ఎత్తి, వేళ్ల కొసలతో తన బుగ్గల మీద చుక్కలు చుక్కలుగా పొడుచుకుని చూపించాడు. మశూచి! సక్పట అక్కడి ఫాన్ జాతి జనం కొలిచే నేల దైవం, మశూచిని పంపేదీ దాన్నుంచి కాపాడేదీ ఆయనే. ఆ దైవం ముందు వాయించే డోలును ఈ బ్యాండ్ వాళ్లు ఎలక్ట్రిక్ గిటార్ల కింద పరిచారు. నేను కూడా నా బుగ్గ మీద అట్లాగే చూపించి, “పోలేరమ్మ” అన్నాను. ఆ కుర్రాడు నవ్వలేదు. రికార్డు మొదటి నుంచి మళ్లీ పెట్టాడు. ముగ్గురం అయిపోయేదాకా మాట్లాడకుండా విన్నాం.

ఆ చిన్న దేశంలోనే ఇంకా ఎన్నో ఉన్నాయి. సాటో అని చనిపోయినవాళ్లను ఏటా తలుచుకునే తంతులో, మనిషెత్తు డోలు చుట్టూ తిరుగుతూ వాయించే నడక ఒకటి. సవలు అనే ఊరి వైపు చావు మేళం చింకుమె, దాన్నుంచి స్టానిస్లాస్ టొహోన్ తన ఫంక్ తీశాడు. ఉత్తరాన పరాకు అనే ఊరి బ్యాండ్ల పాటలో ముస్లిం వాసన వేరు. ఒక్క దేశంలో ఇంత ఉంటే ఖండానికంతా ఒక బీట్ ఎట్లా అవుతుంది?

మీరు ఒకటిన్నర పేజీ ఇచ్చిన నైజీరియా గాయకుడు ఫెలా గురించి నేను పెద్దగా రాయను. గొప్పవాడే. లండన్లో ట్రంపెట్ చదివాడు, మొదట హైలైఫే వాయించాడు. సియెర్రా లియోన్ నుంచి జెరాల్డో పినో తెచ్చిన సోల్ అనే అమెరికా పాట దెబ్బకు ఉలిక్కిపడ్డాడు, 1969లో అమెరికా వెళ్లి వచ్చాక ఆఫ్రోబీట్‌గా తేల్చాడు. కాళ్లూ చేతులతో నాలుగు వేరువేరు నడకలు నడిపించే డ్రమ్మర్ టోనీ అలెన్ లేకుండా అది లేదు. ఆయన పేరు మీ వ్యాసంలో ఒక్కచోటా లేదు. గినీ, మాలి సంగతి పూర్తిగా వేరు, అవి హైలైఫ్ లెక్కలోకే రావు. అక్కడ ప్రభుత్వమే జీతాలిచ్చి బ్యాండ్లు నడిపింది. మాలి రైల్వే వాళ్లయితే 1970లో బమాకో స్టేషన్ హోటల్లో సొంత బ్యాండ్ పెట్టారు. మాలి గాయకుడు సలీఫ్ కెయితా పైకొచ్చింది దాంట్లోనే. ఇది విన్నప్పుడల్లా ఆవిరి ఇంజన్ల నాటి మా బిట్రగుంట గుర్తొస్తుంది. ఘనాలో 1982 నుంచి రాత్రి కర్ఫ్యూ పెట్టేసరికి క్లబ్బులు మూతపడి, వాయించేవాళ్లు జర్మనీ పోయారు. అక్కడ సింథసైజర్ కలిపి చేసిన పాటకు హాంబర్గ్ పేరు మీద బర్గర్ హైలైఫ్ అని పేరొచ్చింది. మా గ్రీజర్ దాన్ని వినేవాడు కాదు. నాకు నచ్చింది.

ఇంత రాసింది మీ వ్యాసం కోసమే అయితే ఇక్కడితో ఆపేవాణ్ని. మొన్న మా అమ్మమ్మ ఊళ్లో కొలుపు జరిగింది. మర్నాడు మీ జిల్లా పేజీలో ‘మేళతాళాల మధ్య అమ్మవారి గ్రామోత్సవం’ అని వేశారు. ఆహ్వానించిన పెద్దల పేర్లు పదకొండు ఉన్నాయి, లెక్కపెట్టాను. ఏ మేళం, ఏ తాళం, ఎవరు వాయించారు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఒక్క ముక్క లేదు. ఆ రోజు పంబ వాయించిన ఇద్దరిలో పెద్దాయనకు డెబ్బై దాటాయి. ఆయన కొట్టే దెబ్బ వెంకటగిరి జాతర దెబ్బలాగా ఉండదు, కొంచెం నిదానంగా ఉండి, చివర ఒక దెబ్బ మింగేస్తుంది. ఆ వరస నేర్చుకున్న కొడుకు లేడు. ఆయన పక్కనే ట్రాక్టర్ మీద డీజే పెట్టారు, అది మొదలయ్యాక పంబ వినపడలేదు. నాదస్వరం వచ్చినా, బ్యాండ్ సెట్టు వచ్చినా, పలకలు వచ్చినా, పంబ వచ్చినా మీకు మేళతాళాలే. కొటొనూ కుర్రాడు తన దైవం డోలుకు పేరు చెప్పగలిగాడు. మా ఊరి పంబ దెబ్బకు పేరేమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి మీ పేపర్లో కూడా ఆధారం దొరకదు.

కాబట్టి నా విన్నపాలు రెండు. ఉవైఫో ఊరు, దేశం సవరించి వేయండి. ఇకమీదట కొలుపు వార్త రాసేటప్పుడు వాయిద్యం పేరు, వాయించినవాళ్ల ఊరు ఒక వాక్యం అయినా రాయమని మీ విలేకరులకు చెప్పండి. స్థలం చాలకపోతే ఆహ్వానితుల పేర్లలో రెండు తగ్గించుకోవచ్చు. వచ్చే ఏడాది కొలుపు సాయంత్రం, పలకలు కాచే మంట దగ్గరికి మీ విలేకరిని పంపండి, నేను అక్కడే ఉంటాను. ఆ పంబ పెద్దాయన దగ్గర కూర్చోబెడతాను. ఆ రేవుల్లో కొన్న క్యాసెట్లు నలభై మూడు నా దగ్గర పదిలంగా ఉన్నాయి. సక్పట డోలు ఉన్న క్యాసెట్ కూడా తెస్తాను, ముందు పెద్దాయనకు వినిపించాలి.

ఇట్లు,
ఓడ ఫిట్టర్‌గా రిటైరైన ఒక పాఠకుడు,
కావలి.